క్యాన్సర్ చికిత్సకు ఫౌండేషన్ సాయం: ఎలా అడగాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది

"అన్నా, అమ్మకు క్యాన్సర్ అని తేలింది. ఐదు లక్షలు అవుతుందన్నారు. ఏదైనా ట్రస్టు ఉంటే చెప్పండి." ఇలాంటి మెసేజ్‌లు నాకు వస్తూనే ఉంటాయి. అడిగేవాళ్లందరికీ కావాల్సింది ట్రస్టుల పేర్లు, ఫోన్ నంబర్లు. కానీ మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఏడాదిపాటు ఫైలు పట్టుకుని తిరిగాక నాకు అర్థమైంది ఒకటే. పేర్లు దొరకడం కష్టం కాదు. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్న వరుస తెలియకే చాలామందికి రావాల్సిన డబ్బు రాకుండా పోతోంది. అందుకే ఆ వరుసను ఇక్కడ రాస్తున్నాను. టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఒకేసారి చదవలేకపోతే, కావాల్సినవి అన్న భాగం, నాలుగో మెట్టు, ఈ రెండైనా ఇవాళే చదవండి.

ముందుగా తెలుసుకోవాల్సినది

క్యాన్సర్ కోసం పనిచేసే ధార్మిక సంస్థలు రెండు రకాలు. కొన్ని తామే ఆసుపత్రి నడుపుతాయి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి అలాంటిదే. భార్య బసవతారకం గారు క్యాన్సర్‌తో చనిపోయాక ఎన్టీఆర్ ఆమె పేరున తలపెట్టిన ఆసుపత్రి అది. 2000లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. తిరుపతిలో టాటా ట్రస్టులకు చెందిన అలమేలు చారిటబుల్ ఫౌండేషన్ కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది, అక్కడివాళ్లు దాన్ని స్వీకార్ అంటారు. చెన్నై అడయార్‌లోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వీటన్నిటికన్నా పాతది. చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం కళ్లారా చూసిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుబట్టి 1954లో 12 పడకలతో మొదలుపెట్టించారు.

రెండో రకం సంస్థలు ఆసుపత్రి నడపవు, చికిత్స ఖర్చులో కొంత భరిస్తాయి. 1951లో ముంబైలో పుట్టిన ఇండియన్ క్యాన్సర్ సొసైటీ వీటిలో పెద్దది. వాళ్ల క్యాన్సర్ క్యూర్ ఫండ్ ఇందుకోసమే ఉంది.

రెండు రకాల దగ్గరా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు రెండు. ఒకటి, డబ్బు మీ చేతికి రాదు, నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్తుంది. రెండు, కట్టేసిన బిల్లులకు దాదాపు ఎవరూ తిరిగి ఇవ్వరు. అప్పు చేసి, పుస్తెలు తాకట్టు పెట్టి మొత్తం కట్టేశాక వచ్చి అడిగేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అప్పటికి ఏ సంస్థా ఏమీ చేయలేదు. కాబట్టి డబ్బు కట్టకముందే అడగాలి.

కావాల్సినవి

ఒక గట్టి ఫైలు కొనండి, ప్లాస్టిక్ కవర్లు ఉండేది. అందులో ఇవి ఉండాలి:

- బయాప్సీ రిపోర్టు, అంటే ముక్క పరీక్ష రిపోర్టు. అసలు కాగితం ఒకటి, జిరాక్స్‌లు ఆరు
- సీటీ, ఎమ్మారై, పెట్ స్కాన్‌లలో ఏవి తీస్తే వాటి రిపోర్టులు (ఫిల్ములు ఇంట్లో ఉంచినా సరే, రిపోర్టు కాగితం తప్పనిసరి)
- ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఎస్టిమేషన్, అంటే చికిత్సకు ఎంత అవుతుందో రాసిచ్చే అంచనా కాగితం
- రోగి ఆధార్, ఇంట్లో సంపాదించేవాళ్ల ఆధార్
- రేషన్ కార్డు
- ఎమ్మార్వో ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయాలి
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, చివరి ఆరు నెలల లావాదేవీలు
- రోగి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు పది
- ఇప్పటిదాకా కట్టిన బిల్లులు, రసీదులు, చిన్న మందుల చీటీతో సహా
- ఒక నోటు పుస్తకం

నోటు పుస్తకం ఎందుకంటే, ఏ రోజు ఎవరితో మాట్లాడారో, ఏ కాగితం ఎక్కడ ఇచ్చారో, రసీదు నంబరు ఏమిటో అందులో రాసుకోవాలి. రెండో నెలకు వచ్చేసరికి ఏదీ గుర్తుండదు.

1. మొదట ప్రభుత్వ పథకం సంగతి తేల్చుకోండి

ఏ ఫౌండేషన్‌కు వెళ్లినా మొదట అడిగే ప్రశ్న "ఆరోగ్యశ్రీ ఉందా?" అనే. ఉండి కూడా వాడుకోకపోతే ఫైలు పక్కన పెట్టేస్తారు. అది న్యాయమే, ఎందుకంటే వాళ్ల దగ్గరున్న కొద్ది డబ్బు ఏ దారీ లేనివాళ్లకు అందాలి.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రలో అదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉంది. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. ఇంట్లో తాతయ్యకో నానమ్మకో జబ్బయితే ఇది తప్పక చూడండి.

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. అక్కడ మూడు ప్రశ్నలు అడగండి. మా కార్డు పనిచేస్తుందా? డాక్టర్ రాసిన చికిత్సలో ఏవి పథకంలో ఉన్నాయి? ఏవి లేవు? జవాబు కాగితం మీద రాయించుకోండి. పథకంలో లేని మందు ఉంటే, "ఇది వర్తించదు" అన్న చీటీయే తర్వాత ఫౌండేషన్ దగ్గర మీకు బలం. కౌంటర్‌లో సరైన జవాబు రాకపోతే 104కు ఫోన్ చేయండి.

2. ఆసుపత్రిని మళ్లీ ఒకసారి ఆలోచించండి

ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెబుతాను. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో చేరి, 12 లక్షల ఎస్టిమేషన్‌తో ట్రస్టుల చుట్టూ తిరగడం కన్నా, ఖర్చు తక్కువయ్యే మంచి చోటికి మారడమే చాలాసార్లు పెద్ద సాయం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి 1955 నుంచి ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. రద్దీ ఎక్కువ, ఓపిక కావాలి. కానీ కీమో, ఆపరేషన్, కరెంటు పెట్టడం (రేడియేషన్) అన్నీ ఒకేచోట జరుగుతాయి. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది ముంబై టాటా మెమోరియల్ వాళ్లదే. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు రైలెక్కి ముంబై దాకా వెళ్లే ముందు అక్కడ చూపించుకోండి.

మారాలనుకుంటే కీమో మొదలుకాకముందే మారండి. రెండు సైకిళ్లు, అంటే రెండు విడతల కీమో, అయ్యాక మారితే కొత్త డాక్టర్ మళ్లీ పరీక్షలు అడగవచ్చు. ఖర్చూ కాలమూ రెండూ పోతాయి.

3. మెడికల్ సోషల్ వర్కర్‌ను వెతికి పట్టుకోండి

ట్రస్టు ఆసుపత్రుల్లో, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ అని ఒకరు ఉంటారు. బోర్డు పెద్దగా కనిపించదు. రిసెప్షన్‌లో "సోషల్ వర్కర్ గారి గది ఎక్కడ?" అని అడగండి. అలాంటి పోస్టు లేదంటే, "పేషెంట్ వెల్ఫేర్ ఎవరు చూస్తారు?" అని అడగండి.

మా పిన్ని విషయంలో మేము మూడు వారాలు బయట ట్రస్టుల చుట్టూ తిరిగాం. చివరికి తెలిసింది ఏమిటంటే, మేము రోజూ కూర్చునే కీమో వార్డుకు రెండు గదుల అవతలే ఆ మేడమ్ కూర్చుంటారు. ఆసుపత్రికి సొంతంగా ఉన్న నిధి, వాళ్లతో ఒప్పందం ఉన్న బయటి సంస్థలు, ఏ సంస్థ ఏ రకం క్యాన్సర్‌కు ఇస్తుంది, అన్నీ ఆమెకు కంఠతా. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ ఫండ్ లాంటివి తమ జాబితాలో ఉన్న ఆసుపత్రుల ద్వారానే దరఖాస్తు తీసుకుంటాయి. మీరు నేరుగా పంపితే తిరిగి వస్తుంది. కాబట్టి సోషల్ వర్కర్ చేతి మీదుగా వెళ్లడం మర్యాద కోసం కాదు, అసలు దారే అది.

ఆ గదిలో ఏదీ దాచవద్దు. భూమి ఉంటే ఉందని చెప్పండి, అప్పు ఉంటే అప్పు చెప్పండి. ఇద్దరు కొడుకులు ఉద్యోగాలు చేస్తున్నా చూడటం లేదంటే అదీ చెప్పండి. తర్వాత విచారణలో బయటపడితే ఫైలు మూసేస్తారు.

4. ఎస్టిమేషన్ సరిగ్గా రాయించుకోండి

ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఈ ఒక్క కాగితం వల్లే. డాక్టర్ గారు ఓపీ చీటీ వెనకాల "4.5 లక్షలు సుమారు" అని రాసిస్తారు. అది ఎక్కడా చెల్లదు.

మా మొదటి ఎస్టిమేషన్ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. లెటర్‌హెడ్ ఉంది, మొత్తం ఉంది, సంతకం ఉంది. సంతకం కింద డాక్టర్ పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ముద్ర లేదు. ట్రస్టు ఆఫీసులో పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి, సంతకం మీద వేలు పెట్టి, "ఇది ఎవరిదమ్మా?" అని పిన్నిని అడిగారు. పిన్నికి తెలియదు, నాకూ తెలియదు. బయట ఎండ మండిపోతోంది. ముద్ర కోసం రెండు బస్సులు మారి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. వెళ్లేసరికి ఆ డాక్టర్ గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. ఆ రోజు అలా పోయింది.

కాగితం తీసుకున్నచోటే నిలబడి ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి:

- రోగి పేరు, వయసు, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు
- ఏ క్యాన్సర్, ఏ స్టేజి
- చికిత్స విడివిడిగా: ఆపరేషన్‌కు ఎంత, కీమో ఎన్ని సైకిళ్లు, ఒక్కోదానికి ఎంత, రేడియేషన్ ఎన్ని సిట్టింగులు, ఎంత
- మొత్తం, అంకెల్లోనూ అక్షరాల్లోనూ
- ఇప్పటిదాకా కట్టింది ఎంత, పథకం కింద వచ్చేది ఎంత, ఇంకా కావాల్సింది ఎంత
- చెక్కు ఎవరి పేరున ఇవ్వాలి, ఆసుపత్రి బ్యాంకు ఖాతా వివరాలు
- డాక్టర్ సంతకం, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి ముద్ర, తేదీ

తేదీ విషయంలో జాగ్రత్త. పాత ఎస్టిమేషన్‌ను చాలాచోట్ల తీసుకోరు. దరఖాస్తు ఆలస్యమైతే కొత్త తేదీతో మళ్లీ రాయించుకోండి. ఒక్కటి కాదు, ముద్ర వేసిన అసలు కాపీలు మూడు అడగండి. మొహమాటపడవద్దు.

5. పేర్లు ఒకదానితో ఒకటి పోల్చండి

ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ, ఎస్టిమేషన్, పాస్‌బుక్, ఈ ఐదూ మంచం మీద పక్కపక్కన పరచండి. పేరు, ఇంటిపేరు, వయసు అక్షరం అక్షరం చదవండి. మా పిన్ని ఆధార్‌లో వెంకటలక్ష్మి. బయాప్సీలో లక్ష్మమ్మ, ఎందుకంటే ల్యాబ్‌లో పేరు అడిగితే ఊళ్లో అందరూ పిలిచే పేరే చెప్పింది. వయసులో కూడా ఆరేళ్లు తేడా. రిపోర్టు ఈమెదే అని నమ్మేదెలా అని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ల్యాబ్‌కు ఆధార్ జిరాక్స్‌తో ఒక లేఖ ఇస్తే రిపోర్టును సరిచేసి ఇస్తారు. ఇవ్వకపోతే, ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ చేయించుకోండి. అసలు ఈ తిప్పలే వద్దంటే మొదటి రోజే, ఓపీ చీటీ రాయించేటప్పుడే, ఆధార్ చూపించి అందులో ఉన్నట్టే రాయించండి.

6. బ్లాకులు, స్లైడ్లు జాగ్రత్త

ఆసుపత్రి మారినా, రెండో డాక్టర్ సలహా అడిగినా, ఫౌండేషన్ నడిపే ఆసుపత్రిలో చేరినా "బ్లాకులు తెచ్చారా?" అని అడుగుతారు. బ్లాకు అంటే ముక్క పరీక్షకు తీసిన కండను మైనంలో పోసి ఉంచిన చిన్న ప్లాస్టిక్ పెట్టె. బొటనవేలంత ఉంటుంది, అంచు మీద నంబరు ఉంటుంది. స్లైడ్లు గాజు పలకలు. పరీక్ష చేసిన ల్యాబ్‌లో లేఖ రాసిచ్చి తీసుకోవాలి, తీసుకున్నట్టు సంతకం పెట్టాలి.

ఎండలో ఆపి ఉన్న కారులో వాటిని వదలకండి, మైనం మెత్తబడుతుంది. బీరువాలో నాఫ్తలీన్ గోళీల పక్కన పెట్టిన ఇల్లు కూడా చూశాను. చిన్న డబ్బాలో దూది పరిచి, నంబరు రాసి, చల్లగా ఉన్నచోట పెడితే చాలు. పోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. ఆ నొప్పి మళ్లీ పడేది మీ మనిషే.

7. లేఖ రాయండి

ఒక పేజీ దాటవద్దు. ఏడుపు మాటలు అక్కర్లేదు, సంగతులే వాళ్లను కదిలిస్తాయి. ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన ట్రస్టు కార్యదర్శి గారికి,
నా పేరు ______. మాది ______ జిల్లా ______ గ్రామం. నా భార్య ______, వయసు 46, రొమ్ము క్యాన్సర్ రెండో స్టేజి అని ______ తేదీన తేలింది. ______ ఆసుపత్రిలో డాక్టర్ ______ గారు చికిత్స చేస్తున్నారు. మొత్తం ఖర్చు ______ రూపాయలని ఎస్టిమేషన్ ఇచ్చారు. అందులో పథకం కింద ______, మేము కట్టింది ______, ఇంకా కావాల్సింది ______. నేను ఆటో నడుపుతాను, నెలకు ______ వస్తుంది. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ______ ట్రస్టుకు కూడా దరఖాస్తు చేశాం, ఇంకా జవాబు రాలేదు. తదుపరి కీమో ______ తేదీన ఉంది. మిగిలిన ఖర్చులో మీకు వీలైనంత సాయం ఆసుపత్రి పేరున మంజూరు చేయగలరని మనవి."

తదుపరి కీమో తేదీ రాయడం మరవకండి. ఫైలు ఎంత త్వరగా చూడాలో వాళ్లకు తెలిసేది దాన్నిబట్టే. ఇంకెక్కడ అడిగారో కూడా రాయండి. నలుగురిని అడగడం తప్పు కాదు. ఒకరు ఇచ్చిన సంగతి దాచి ఇంకొకరి దగ్గర అదే ఖర్చుకు తీసుకోవడమే తప్పు. ఈ సంస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

ముంబై, చెన్నై సంస్థలకు ఇంగ్లిష్‌లో రాయించండి. ఊళ్లో టీచర్ గారో, డిగ్రీ చదివే పిల్లలో రాసిపెడతారు. డబ్బు తీసుకుని రాసే ఏజెంట్ల దగ్గరకు వెళ్లవద్దు.

8. సంస్థ నిజమైనదో కాదో చూసుకోండి

కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర కూడా డబ్బు గుంజేవాళ్లున్నారు. ప్రాసెసింగ్ ఫీజు, ఫైల్ చార్జీ, "శాంక్షన్ అయ్యాక పది శాతం" అని ఎవరైనా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. మంచి సంస్థ ఏదీ రోగి దగ్గర రూపాయి అడగదు. ఓటీపీ చెప్పమన్నా అంతే.

చూసుకోవడం కష్టం కాదు. ఎన్‌జీఓ దర్పణ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు వెతకండి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్ నంబర్లు అడగండి, ఉన్నవాళ్లు వెంటనే చెబుతారు. అన్నిటికన్నా సులువైనది, మీ ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను అడగడం. "వీళ్ల దగ్గర నుంచి ఇక్కడికి ఎప్పుడైనా డబ్బు వచ్చిందా?" అంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

9. ఒకేసారి ఇంకెక్కడ అడగవచ్చు

ముఖ్యమంత్రి సహాయ నిధి: ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్తుంది. చికిత్సకు ముందైతే ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం కడుతుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ లేఖ) అడగాలి, తర్వాతైతే అసలు బిల్లులతో దరఖాస్తు. కట్టేసిన బిల్లులున్నవాళ్లకు మిగిలే దారుల్లో ఇదొకటి, అందుకే రసీదులన్నీ ఫైల్లో ఉంచమన్నాను.

ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి: ఎస్టిమేషన్ జతచేసి దరఖాస్తు పంపాలి, ఎంపీ గారి లేఖ ఉంటే మంచిది. ఖర్చులో కొంత ఇస్తారు, అదీ ఆసుపత్రికే.

కేంద్ర ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధి: దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో చికిత్స పొందేవాళ్లకు. కట్టేసిన ఖర్చుకు ఇవ్వరు.

మందుల కంపెనీల సాయం: కొన్ని ఖరీదైన మందులకు కంపెనీలే ఉచితంగానో తగ్గింపుతోనో ఇచ్చే కార్యక్రమాలు నడుపుతాయి. మీ డాక్టర్‌ను "ఈ మందుకు పేషెంట్ అసిస్టెన్స్ ఉందా?" అని అడగండి. అడగకపోతే ఎవరూ చెప్పరు. మామూలు మందులకు జన ఔషధి, అమృత్ దుకాణాల్లో ధర కనుక్కోండి.

చందాల వెబ్‌సైట్లు: మిలాప్, కెట్టో లాంటివి. ఎంత కోత పడుతుందో, డబ్బు ఆసుపత్రికి వెళ్తుందా మీ ఖాతాకు వస్తుందా ముందే చదవండి. రోగి ఫొటో అందరూ చూస్తారు కాబట్టి రోగిని అడిగి, ఒప్పుకుంటేనే పెట్టండి. మా పిన్ని ఒప్పుకోలేదు, మేము పెట్టలేదు.

ప్రయాణం: చికిత్సకో చెకప్‌కో వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం. తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం రాయితీ. ఆసుపత్రిలో రాయితీ ఫారం ఇస్తారు, డాక్టర్ సంతకం, ముద్రతో స్టేషన్ కౌంటర్‌లో చూపాలి.

పిల్లలకు క్యాన్సర్ అయితే: సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006 నుంచి తల్లిదండ్రులతో కలిపి పిల్లలకు ఉచితంగా వసతి ఇస్తోంది, హైదరాబాద్‌లోనూ ఉంది. ఆసుపత్రి రిఫర్ చేస్తేనే చేర్చుకుంటారు. ఫుట్‌పాత్ మీద పడుకునే ముందు ఒకసారి అడగండి.

10. ఇచ్చాక వెంటపడండి, కానీ పద్ధతిగా

దరఖాస్తు ఇచ్చినప్పుడు మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వారానికి ఒక్కసారి ఫోన్ చేయండి, రోజూ వద్దు. ఫైలు నంబరు చెప్పి, "ఇంకేమైనా కాగితం తక్కువైందా?" అని అడగండి. "డబ్బెప్పుడొస్తుంది?" అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేరు. కాగితం గురించి అడిగితే ఫైలు తీసి చూస్తారు.

కొన్ని సంస్థలు ఇంటికి వస్తాయి, లేదా ఫోన్‌లో మాట్లాడతాయి. ఇంట్లో టీవీ ఉందని, బండి ఉందని భయపడవద్దు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. ఫారంలో ఇచ్చిన నంబరు మార్చకండి. కొత్త సిమ్ తీసుకుని కాల్ మిస్సయి, మంజూరు వెనక్కి పోయిన కుటుంబం నాకు తెలుసు.

ఒక్క హెచ్చరిక. సాయం వస్తుందని కీమోను, రేడియేషన్‌ను ఆపవద్దు. ఆ ఆలస్యానికి జబ్బు ఆగదు. చేతిలో డబ్బు అయిపోతే సోషల్ వర్కర్‌తో మాట్లాడి, మంజూరు వచ్చేలోపు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ సైకిల్ ఇప్పించే వీలుందా అని డాక్టర్‌నే అడగండి.

11. మంజూరయ్యాక సరిచూసుకోవడం

మంజూరు లేఖ వచ్చిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. ఇవి చూడండి:

- లేఖలో రోగి పేరు, ఆసుపత్రి నంబరు సరిగ్గా ఉన్నాయా? ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు ఇంకొకరి ఖాతాలో పడవచ్చు.
- గడువు ఉందా? కొన్ని మంజూరులు ఫలానా తేదీలోపు వాడుకోవాలి.
- దేనికి ఇచ్చారు? కీమోకు ఇచ్చినదాన్ని స్కాన్‌కు వాడనివ్వరు.
- బిల్లింగ్ కౌంటర్‌లో రోగి ఖాతా ప్రింట్ అడగండి. జమ అయిన తేదీ, మొత్తం అందులో కనపడాలి. నోటిమాట మీద నమ్మి ఇంటికి వెళ్లకండి.
- డిశ్చార్జి రోజు ఫైనల్ బిల్లులో ఆ మొత్తం తీసేశారా? మాకు ఒకచోట తీయకుండా మొత్తం బిల్లు వేశారు. ప్రింట్ చూపిస్తే అప్పుడు సరిచేశారు. ప్రింట్ లేకపోతే మళ్లీ కట్టేవాళ్లం.
- డబ్బు మిగిలితే అది సంస్థకు తిరిగి వెళ్తుంది, మీకు రాదు. దాని కోసం ఆసుపత్రితో గొడవ వద్దు.

కాదన్నారు. ఇప్పుడేం చేయాలి?

కారణం అడగండి, వీలైతే రాతలో. కాగితం తక్కువైతే ఇచ్చి మళ్లీ వేయండి. ఆదాయం ఎక్కువ అంటే, వైద్యానికి చేసిన అప్పుల కాగితాలు చూపించి ఇంకోసారి అడగవచ్చు. నిధి అయిపోయిందంటే ఏప్రిల్ తర్వాత మళ్లీ అడగండి, చాలా సంస్థలకు కొత్త లెక్క అప్పుడే మొదలవుతుంది.

అన్నిటికన్నా కష్టమైన కారణం ఒకటుంది. "స్టేజి ముదిరింది, మా నిబంధనల్లోకి రాదు." నయమయ్యే అవకాశం ఎక్కువ ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలన్న నియమం కొన్ని నిధులకు ఉంది. ఆ మాట విన్నరోజు ఇంట్లో ఎవరూ అన్నం తినరు, నాకు తెలుసు. కానీ అది మీ మనిషికి చేయాల్సింది ఏమీ లేదన్న మాట కాదు. నొప్పి తగ్గించే వైద్యం ఉంది, దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. హైదరాబాద్ ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌లో చివరి దశలో ఉన్నవాళ్లను డబ్బు తీసుకోకుండా చూసుకుంటారు. మార్ఫిన్ అనే నొప్పి మందు అంటే భయపడి నొప్పితో పడుకోబెట్టకండి. డాక్టర్ రాసిన మోతాదులో అది మనిషికి నిద్రనిస్తుంది, తిండి తిననిస్తుంది.

దీనికి కూడా కాగితాలు కావాలి. బయాప్సీ రిపోర్టు, చివరి స్కాన్, వాడిన మందుల వివరాలు, ఆధార్. మీ ఫైల్లో ఇప్పటికే ఉన్నాయి.

చికిత్స పూర్తయ్యాక

డిశ్చార్జి సమ్మరీ జిరాక్స్ ఒకటి, ఫైనల్ బిల్లు ఒకటి, సాయం చేసిన సంస్థకు పంపండి. చాలామంది ఇది మర్చిపోతారు. ఆ కాగితాలు అందితేనే వాళ్లు ఆ ఫైలును సరిగ్గా ముగించగలరు, దాతలకు లెక్క చెప్పగలరు. ఏడాది తర్వాత ఫాలో అప్ స్కాన్‌కు మళ్లీ అడగాల్సి వస్తే, పాత ఫైలు నంబరు చెబితే చాలు, మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

మా పిన్ని ఫైలు ఇప్పుడు అటక మీద ఉంది. ఆరు నెలలకోసారి చెకప్‌కు దింపుతాం. బ్లాకు డబ్బా మాత్రం కింద బీరువాలోనే, పై అరలో, నంబరు పైకి కనపడేలా పెట్టాను.